పొంగిన పాలు – ఒడిలోని బిడ్డ

ధనుర్మాసము మొదలు సంక్రాంతి వరకు వైష్ణవ గృహములలో తీరిక యుండదు. తెల్లవారుజామున తిరుప్పావై, ఆరాధన, పొంగలి నివేదన. పండుగ సమీపించిన కొలది ఇల్లు కడుగుట, అరిసెలు వండుట, బంధువుల రాక. సెలవులకు ఇంటనున్న పిల్లలు “అమ్మా, ఇటు చూడు” అని పిలిచిన, “ఉండు, పని కానీ” యని కసరుకొనుట కద్దు.

భాగవత దశమస్కంధమున ఇట్టి ఘట్టమే కలదు. దాసీజనము ఇతర కార్యములలో నుండగా యశోద స్వయముగా పెరుగు చిలుకుచుండెను. కృష్ణుడు వచ్చి కవ్వము పట్టుకొనెను. ఆమె బిడ్డను ఒడికి చేర్చి పాలిచ్చుచుండగా పొయ్యిమీద పాలు పొంగినవి. ఆకలి తీరని బిడ్డను దించి ఆమె పరుగిడినది. స్వామి అలిగి పెరుగుకుండ పగులగొట్టెను. పొయ్యిమీది పాలు ఎవరి కొరకు? ఆ బిడ్డ కొరకే గదా! మన పిండివంటలును అట్టివే.

పిమ్మట యశోద కట్టబోగా త్రాడు ప్రతిసారియు రెండంగుళములు తక్కువయ్యెను. తుదకు తల్లి అలసట చూచి స్వామి తానే కట్టుబడెను. కసరునకు లొంగని బిడ్డ ప్రేమకు లొంగును.

పని మానుట యెవరికిని సాధ్యము కాదు. పెరియాళ్వారు పుష్పమాలా కైంకర్యము విడువకయే గోదాదేవిని పెంచెను. ఆ మాలల నడుమ పెరిగిన తల్లియే 30 పాశురముల తిరుప్పావైని లోకమున కొసగినది. మన పిల్లలకును పూలు గ్రుచ్చుట, ముగ్గున గొబ్బెమ్మ నుంచుట అప్పగింపుడు. దినమున కొక పాశురము వారితో కూర్చుండి చెప్పుడు. ఆ పావుగంట మరి యే పనికిని లేవకుడు. భోగినాడు భోగిపండ్లు పోసెడి చేయి, ఈ నెల దినములును వారి తల నిమురుచుండవలెను.