మెడనొప్పికి మసాజ్ పనిచేస్తుందా?

ప్రశ్న: నా వయసు 46. టైలర్‌ని. చాలాకాలంగా మెడ, భుజాలు గుంజేస్తున్నాయి. ఎక్స్‌రే చూసి అరుగుదల అన్నారు. సెలూన్‌లో మెడ తిప్పించుకున్న రోజు హాయిగా ఉంటోంది. మసాజ్ చేయించుకుంటే తగ్గుతుందా డాక్టరు గారూ?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ముందు ఆ సెలూన్ సంగతి. మెడను పటుక్కుమనేలా తిప్పించుకోవడం ఈరోజే మానేయండి. మెడలోంచి మెదడుకు వెళ్లే రక్తనాళం లోపలి పొర చిరిగి పక్షవాతం వచ్చిన సందర్భాలున్నాయి. అరుదే, కానీ ఆ కాసేపటి హాయికి అంత ప్రమాదం ఎందుకు?

మసాజ్ వేరు. శిక్షణ ఉన్నవారు మెడ నుంచి భుజం దాకా ఉన్న కండరాన్ని నెమ్మదిగా రుద్దుతారు, నొప్పి పుట్టే చోట కాసేపు ఒత్తి పట్టుకుంటారు. అరుగుదల మారదు. నొప్పి మాత్రం కొంతకాలం నెమ్మదిస్తుంది. దీర్ఘకాలిక మెడనొప్పిపై సియాటిల్‌లో జరిగి 2014లో వెలువడిన అధ్యయనంలో, వారానికి రెండు మూడుసార్లు గంటసేపు చొప్పున నాలుగు వారాలు చేయించుకున్నవారికి మేలు కనిపించింది. అరగంట మసాజ్‌తో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అంటే ఖర్చుతో కూడిన పనే. ఏ నూనె అన్న బెంగ అక్కర్లేదు, దాని పని చెయ్యి జారనివ్వడమే.

మిషన్ మీద గంటల తరబడి మెడ వంచితే ఆ మేలు నిలవదు. స్టూలు, బల్ల ఎత్తు సరిచేసుకోండి. మధ్యమధ్య లేవండి. మెడ కండరాలకు బలమిచ్చే వ్యాయామాలు ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకోండి.

వేళ్లు తిమ్మిరెక్కినా, కత్తెర పట్టు తప్పుతున్నా, నడకలో తూలుతున్నా మసాజ్ జోలికి పోకుండా వెంటనే న్యూరాలజిస్టును కలవండి.