ప్రశ్నలు - జవాబులు: నోటీసు వస్తే షాపు మూయొద్దు

ప్ర: నారాయణపేట చీర అంచుకు నా పేరున పేటెంట్ వస్తుందా?

జ: రాదు. తరతరాల విద్య ఒక్కరి సొత్తు కాకుండా పేటెంట్ చట్టం 3(పి) అడ్డుపడుతుంది. మీరే కొత్తగా గీసిన నమూనా అయితే డిజైన్ల చట్టం కింద నమోదు చేయించండి.

ప్ర: మిర్యాలగూడలో మాది వెల్డింగ్ షాపు. ధాన్యంలోంచి రాళ్లు, మట్టిబెడ్డలు వేరుచేసే జల్లెడ మిషన్‌ను ఎన్నో ఏళ్లుగా మిల్లులకు చేసిస్తున్నాను. దానిమీద పేటెంట్ తమదని, తయారీ ఆపి నష్టపరిహారం కట్టకపోతే కేసు వేస్తామని లాయర్ నోటీసు వచ్చింది. షాపు మూసుకోవాలా?

జ: ఎందుకు మూయాలి? నోటీసు కోర్టు తీర్పు కాదు. భయపడి వాళ్లు చూపిన చోటల్లా సంతకం పెట్టకండి. ముందు పేటెంట్ నంబరు అడగండి. పేటెంట్ ఆఫీసు వెబ్‌సైటులో దాని జాతకమంతా ఉచితంగా దొరుకుతుంది. అది ఇంకా దరఖాస్తు దశలోనే ఉండొచ్చు, రెన్యువల్ ఫీజు కట్టక రద్దయి ఉండొచ్చు. అమల్లోనే ఉంటే చివర్లోని క్లెయిములు చదివించుకోండి. వాళ్ల హక్కు ఆ వాక్యాల వరకే.

వాళ్లు దరఖాస్తు వేయకముందే మీరు అదే మిషన్ బహిరంగంగా అమ్మి ఉంటే, వాళ్లది కొత్తదెలా అవుతుంది? 64వ సెక్షన్ కింద ఆ పేటెంట్‌నే రద్దు చేయమనొచ్చు. వాళ్లు దావా వేస్తే 107 ప్రకారం అవే కారణాలు మీకు రక్షణ. పేటెంట్ ఉందని తెలియజేయడం తప్పు కాదు గానీ, మీకొచ్చిన ఉత్తరం అక్కడితో ఆగలేదు. పసలేని బెదిరింపైతే 106 కింద మీరే కోర్టుకెళ్లి ఆపించి, నష్టమూ అడగొచ్చు.

కానీ రుజువేది? మన షాపుల మీద నాకు కోపం ఇక్కడే. చేతినిండా విద్య ఉంటుంది, గల్లాపెట్టెలో ఒక్క బిల్లు ఉండదు! పాత గిరాకీల దగ్గరికెళ్లి బిల్లులు, బ్యాంకు చెల్లింపులు, తేదీలున్న ఫొటోలు ఈ వారమే పోగుచేసి, ఆ కట్టతో పేటెంట్ కేసులు తెలిసిన లాయర్ దగ్గరికి వెళ్లండి.

ప్ర: అచ్చంపేట దగ్గర మాది. పత్తిలో కలుపు తీసే పరికరం చేశాను. వీడియో పెట్టి, పేరొచ్చాక పేటెంట్‌కు వెళ్తే?

జ: వద్దు, వీడియో ఆపండి. ముందే బయటపెడితే మీ పరికరం కొత్తది కాకుండా పోతుంది. ప్రభుత్వం నోటిఫై చేసిన ప్రదర్శనలకు కొంత మినహాయింపు ఉంది, ఫోన్ వీడియోకు లేదు. ముందు ప్రొవిజనల్ దరఖాస్తు వేస్తే, పూర్తి వివరాలివ్వడానికి 12 నెలల గడువుంటుంది. ఆలస్యానికి సిద్ధపడండి. ఆలేరు దగ్గరి శారాజీపేటలో, నేతకు ముందు నూలు సర్దే ఆసు పోసి పోసి తల్లి లక్ష్మి పడే భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం చేసిన యంత్రం 1999లో తయారైంది. పేటెంట్ చేతికొచ్చింది 2011లో. 20 ఏళ్ల హక్కును లెక్కగట్టేది మాత్రం దరఖాస్తు వేసిన రోజు నుంచే.