తల్లి బడికి వెళితే బిడ్డనెవరు చూస్తారు?

మా విచారణలో భర్తను పోగొట్టుకున్న ఒక యువతి, తొమ్మిదిలో ఆగిపోయిన చదువు మళ్ళీ మొదలుపెట్టాలని నా దగ్గరకు వచ్చింది. ఆమెకు వితంతు పింఛను వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి అది నెలకు 4,000 రూపాయలైంది. “ఫీజు ఎలాగో కట్టుకుంటాను ఫాదర్‌గారూ, బిడ్డను ఎవరి చేతుల్లో పెట్టి వెళ్ళను?” అంది. బిడ్డకు ఏడాదిన్నర.

చదువు ఆగినవారి కోసం ఓపెన్ స్కూల్ సొసైటీ 1991లోనే ఏర్పడింది. దాని తరగతులు ఆదివారాలు, సెలవు రోజుల్లో జరుగుతాయి. కూలికి వెళ్ళేవారికి అది సదుపాయం. చంటిబిడ్డ తల్లికి అదే చిక్కు. ఆదివారం అంగన్‌వాడీకి తాళం. తెరిచిన రోజుల్లో కూడా అక్కడ ఆటపాటలతో కూర్చోబెట్టుకునేది మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలనే. అంతకన్న చిన్నవారికి పోషకాహారం ఇచ్చి ఇంటికి పంపుతారు.

2022లో మిషన్ శక్తి కింద వచ్చిన ‘పాల్నా’ పథకం ఆరు నెలల బిడ్డను కూడా చేర్చుకుంటుంది. పాత శిశుసంరక్షణ పథకం ఉద్యోగినులను దృష్టిలో పెట్టుకున్నది. ఇందులో తల్లి పనిచేస్తున్నదా లేదా అని అడగరు. కనుక చదువుకునే తల్లికీ హక్కుంది. అయితే అన్ని అంగన్‌వాడీలలోనూ ఆ ఏర్పాటు లేదు.

సెమినరీలో తత్వశాస్త్రం చెప్పిన గురువులు కారణం వేరు, అవసరమైన పరిస్థితి వేరు అనేవారు. నూనె, వత్తి, నిప్పు ఉన్నా ఈదురుగాలిలో దీపం నిలవదు. “ఈమెకు శ్రద్ధ లేదు, అందుకే మానేసింది” అని మనం తేల్చేసేటప్పుడు ఆ గాలిని లెక్కలోకి తీసుకోము. నేనూ ఒకప్పుడు అలాగే అన్నాను.

ధనిక దేశాలకూ ఈ చిక్కు తప్పలేదు. అమెరికాలో 1988లో చేసిన చట్టం, ప్రభుత్వ సహాయం పొందుతూ చదువుకో, శిక్షణకో వెళ్ళే తల్లికి బిడ్డ సంరక్షణను హామీగా ఇచ్చింది. 1996 చట్టం ఆ హామీని తీసివేసి, ముందు ఉద్యోగమన్నది. వృత్తివిద్యను పనిగా లెక్కించేది ఒక్కొక్కరికి పన్నెండు నెలలే. నర్సు చదువు అంతలో పూర్తవుతుందా?

మా గుడి పక్క హాలు పెళ్ళిళ్ళకూ, వర్ధంతులకూ తప్ప తెరుచుకోదు. దాన్ని ఆదివారం తరగతుల వేళకు తెరవాలని విచారణ సభలో అడిగాను. పిల్లలు పాడుచేస్తారని ఒకరు, బాధ్యత ఎవరిదని ఒకరు అన్నారు. రెండవ ప్రశ్న న్యాయమైనది. ఎప్పుడూ ఇద్దరు పెద్దవారు ఉండాలి, తలుపు తెరిచే ఉండాలి, తెచ్చిన తల్లే సంతకం పెట్టి తీసుకుపోవాలి. పాలు, పక్కగుడ్డలు ఆమెవే.

మరియ దళం సోదరీమణులు నెలకు రెండు ఆదివారాలు ఒప్పుకున్నారు. మిగిలినవాటికి మా ఉపదేశిగారు పేర్లు రాసుకుంటున్నారు.