మెదడు దెబ్బతిన్న తల్లిదండ్రులకు చట్టం ఇచ్చే రక్షణ

మోటారు సైకిలు ప్రమాదంలో తలకు దెబ్బ తగిలినా, పక్షవాతం వచ్చినా, మెదడులో రక్తస్రావం జరిగినా, ప్రాణం దక్కిన తర్వాత కుటుంబానికి రెండో కష్టం మొదలవుతుంది. నాన్నగారి పింఛను ఎలా తీయాలి? వైద్యం ఖర్చులకు ఆయన పేరున ఉన్న పొలం అమ్మవచ్చా? అమ్మ చేత ఎవరైనా కాగితాల మీద వేలిముద్ర వేయించుకుంటే ఏం చేయాలి? రోగి మంచం పక్కన కూర్చున్న బంధువులు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్నలు ఇవే. మందుల గురించి చెప్పినట్టే వీటి గురించి కూడా తెలియజేయడం అవసరమని ఈ పాఠం రాస్తున్నాం.

మాట పోవడం వేరు, తెలివి పోవడం వేరు

మెదడు దెబ్బ అందరినీ ఒకేలా మార్చదు. సాధారణంగా మెదడు ఎడమ భాగం దెబ్బతిన్నప్పుడు మాట పడిపోతుంది. అలాంటివారిలో చాలామందికి ఎదుటివారు చెప్పేది అర్థమవుతూనే ఉంటుంది. నుదుటి వెనుక ఉండే భాగం దెబ్బతిన్నవారు చక్కగా మాట్లాడవచ్చు, పాత సంగతులన్నీ చెప్పవచ్చు. కాని మంచిచెడ్డలు తూచుకోలేక, అడిగినవారికల్లా డబ్బు ఇచ్చేస్తుంటారు. చూసేవారికి మొదటివారే తెలివిలేనివారుగా కనిపిస్తారు. మోసపోయే ప్రమాదం మాత్రం రెండోవారికే ఎక్కువ.

చట్టం కూడా ఈ తేడాను గుర్తిస్తుంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 12వ సెక్షను ప్రకారం, ఒప్పందం చేసుకునే సమయంలో దాన్ని అర్థం చేసుకుని, తన లాభనష్టాలను ఆలోచించుకోగలిగితే ఆ వ్యక్తికి స్థిరబుద్ధి ఉన్నట్టే. అందుచేత జబ్బు పేరు ఒక్కటే చూసి హక్కులు తీసివేయరాదు. పరీక్షించిన తేదీ, రోగి అర్థం చేసుకోగలిగినవి, చేసుకోలేనివి వివరంగా రాసిన వైద్యుని ధ్రువపత్రం చాలా విలువైనది.

పవర్ ఆఫ్ అటార్నీతో సరిపోతుందా?

చాలా కుటుంబాలు ఇక్కడే పొరపాటు పడుతున్నాయి. తండ్రి ఆరోగ్యంగా ఉన్నప్పుడు కొడుక్కి జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ రాసి ఇచ్చినా, ఆ తర్వాత ఆయన స్థిరబుద్ధి కోల్పోతే, సాధారణంగా ఆ అధికారం కూడా ముగుస్తుంది. కాంట్రాక్టు చట్టం 201వ సెక్షను ఇదే చెబుతోంది. స్థిరబుద్ధి పోయిన తర్వాత కొత్తగా వేలిముద్ర వేయించి పవర్ రాయించుకోవడం ఇంకా తప్పు. ఆ కాగితం చెల్లదు. పైగా రాయించుకున్నవారి మీదే కేసు రావచ్చు.

సంరక్షకుని నియామకం

1. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016: ఈ చట్టం 14వ సెక్షను కింద జిల్లా కోర్టు గాని, ప్రభుత్వం నియమించిన అధికారి గాని పరిమిత సంరక్షకుని నియమించవచ్చు. ఆ సంరక్షకుడు తల్లి లేక తండ్రితో కలిసి నిర్ణయాలు తీసుకోవాలి, వారి ఇష్టాన్ని గౌరవించాలి. పెద్దల ఆస్తితో తన స్వలాభం ముడిపడి ఉన్న వ్యవహారంలో సహాయకుడు పక్కకు తప్పుకోవాలని కూడా ఈ చట్టం చెబుతోంది.

2. హైకోర్టు: రోగి కోమాలో ఉన్నప్పుడు కుటుంబ సభ్యులు రాజ్యాంగం 226వ అధికరణం కింద హైకోర్టుకు వెళ్లవచ్చు. 2019లో కేరళ హైకోర్టు ఇందుకు మార్గదర్శకాలు ఇచ్చింది. వైద్యుల బోర్డు పరీక్ష, రెవెన్యూ అధికారి విచారణ, వారసులందరికీ కబురు, సంరక్షకుడు ఎప్పటికప్పుడు లెక్కలు చూపడం వాటిలో ముఖ్యమైనవి. ఇతర రాష్ట్రాల హైకోర్టులు కూడా ఇలా సంరక్షకులను నియమించాయి.

1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం ఉన్నవారి కోసం వచ్చింది. పెద్ద వయసులో తలకు దెబ్బ తగిలినవారికి అది సాధారణంగా వర్తించదు.

ఆస్తి రాయించుకుని వదిలేస్తే

జబ్బు మనిషిని ఒత్తిడి చేసి రాయించుకున్న దస్తావేజును రద్దు చేయమని సివిల్ కోర్టులో దావా వేయవచ్చు. వయసు వల్ల గాని, జబ్బు వల్ల గాని మనోబలం తగ్గినవారిపై చూపే అనుచిత ప్రభావాన్ని కాంట్రాక్టు చట్టం 16వ సెక్షను ప్రత్యేకంగా ప్రస్తావించింది. విషయం తెలిసిన నాటి నుండి సాధారణంగా 3 సంవత్సరాలే గడువు. కాబట్టి ఆలస్యం చేయకండి.

తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం, 2007 మరో దారి చూపుతోంది. 60 ఏళ్లు నిండినవారు తమను చూసుకోవాలనే షరతుతో ఆస్తి ఇస్తే, తీసుకున్నవారు ఆ మాట తప్పితే, ట్రిబ్యునల్ ఆ బదిలీని రద్దు చేయవచ్చు. గిఫ్టు దస్తావేజులోనే ఆ షరతు స్పష్టంగా రాయించడం మేలు. పోషణ భృతి కోసం తల్లిదండ్రులు ఏ వయసులోనైనా ఇక్కడ అర్జీ పెట్టుకోవచ్చు. మన ప్రాంతంలో ఆర్.డి.ఓ. గారి కార్యాలయంలో విచారించండి. తాము స్వయంగా రాలేనివారి తరఫున వారు అధికారమిచ్చిన మరొకరు దరఖాస్తు చేయవచ్చు. ట్రిబ్యునల్ తనంతట తానుగా కూడా విచారణ చేపట్టవచ్చు. వృద్ధులను దిక్కులేకుండా వదిలేసినవారికి 3 నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

బ్యాంకు ఖాతా సంగతి

తెలివి బాగానే ఉండి, చేయి పడిపోయి సంతకం చేయలేనివారు ఖాతాను కోల్పోనక్కరలేదు. బ్యాంకుకు తెలిసిన ఇద్దరు సాక్షుల ముందు వేలిముద్ర వేసి డబ్బు తీసుకోవచ్చు. ఆ సాక్షులలో ఒకరు బాధ్యతగల బ్యాంకు అధికారి అయి ఉండాలి. మేనేజరుగారిని కలిసి అడగండి. ఏటీఎం కార్డు, పిన్ నంబరు మాత్రం ఇంటికి వచ్చిపోయే ప్రతివారి చేతిలో పెట్టకండి.

ఇప్పుడే చేయవలసిన పనులు

- డిశ్చార్జి సమ్మరీ, స్కాను రిపోర్టులు, ధ్రువపత్రాలు ఒకే ఫైలులో ఉంచండి.
- పొలం పాసుపుస్తకం, దస్తావేజులు, బ్యాంకు పుస్తకాలు ఎక్కడున్నాయో జాబితా రాయండి.
- పెద్దల డబ్బుతో పెట్టిన ప్రతి ఖర్చుకు రసీదు దాచండి. రేపు తోబుట్టువుల మధ్య అనుమానం రాకుండా ఇదే కాపాడుతుంది.
- ఆస్పత్రి మంచం మీద ఏ దస్తావేజుపైనా వేలిముద్ర వేయనీయకండి.
- ఉచిత న్యాయ సహాయానికి జిల్లా న్యాయ సేవాధికార సంస్థను కలవండి. స్త్రీలు, దివ్యాంగులు, ఎస్.సి., ఎస్.టి. వారు అర్హులు. ఫోను నంబరు 15100. వృద్ధుల సహాయానికి 14567.

మెదడు గాయం తర్వాత మొదటి కొన్ని నెలల్లోనే కోలుకోవడం ఎక్కువగా కనిపిస్తుంది. ఈ రోజు లెక్క చెప్పలేని నాన్నగారు ఆరు నెలల తర్వాత చెప్పగలగవచ్చు. అందుచేత అవసరమైనంత వరకే, తాత్కాలికంగా ఏర్పాట్లు చేయండి. ప్రతి నిర్ణయానికి ముందు ఆయన పక్కన కూర్చుని, నిదానంగా, చిన్న మాటలతో అడగండి. తల ఊపినా, చేయి నొక్కినా, అది కూడా జవాబే.