ఎనిమిది నెలలు నిలిచిన గోడ

ఆస్ట్రియా దేశపు రాజధాని వియన్నా. 1683లో తురుష్క సైన్యాలు ఆ నగరాన్ని రెండు నెలలపాటు చుట్టుముట్టాయి. గోడల కిందికి సొరంగాలు తవ్వి, తుపాకి మందు పెట్టి పేల్చాయి. బయటి నుంచి సహాయసైన్యం వచ్చి సెప్టెంబరు 12న ముట్టడిని తొలగించింది. నాలుగేళ్ల తరువాత, 1687లో, మన దక్కనులో మరో రాజధానిని మొగలు సైన్యం ముట్టడించింది. అది గోల్కొండ. దానికి సహాయసైన్యం ఏదీ రాలేదు. అయినా గోడ ఎనిమిది నెలలు నిలిచింది.

నేడు వియన్నా వెళ్లినవారికి ఆ గోడ కనిపించదు. 1857లో చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్ దానిని తీసివేయమని ఉత్తరువు ఇచ్చాడు. ఆ స్థలంలో విశాలమైన రాజవీధి వేశారు. ఒకటి రెండు చోట్ల మాత్రం బురుజు ముక్కలు మిగిలాయి. గోల్కొండ గోడ అలాగే ఉంది. మీర్‌పేట్‌లో ఉన్నవారు నగరాన్ని తూర్పు నుంచి పడమరకు దాటి, మెహిదీపట్నం, లంగర్‌హౌజ్ మీదుగా బస్సులో వెళ్లి చూసి సాయంత్రానికి ఇంటికి రావచ్చు. మీకు దగ్గరలోని ఇబ్రహీంపట్నం పేరులో ఉన్న ఇబ్రహీం కుతుబ్‌షాయే (1550–1580) గోల్కొండ కోటను రాతితో, సున్నంతో బలపరచినవాడు. కాబట్టి కోట మీకు పరాయిది కాదు!

కోటకు వెళ్లినవారు చాలామంది నేరుగా మెట్లెక్కి, పైన ఫొటో తీసుకుని దిగి వస్తారు. మీరు అలా చేయకండి. యుద్ధం జరిగిన చోటును చూసేటప్పుడు ప్రతి రాయి దగ్గరా ఒక ప్రశ్న వేసుకోవాలి: “ఇది ఏ ఆయుధానికి జవాబు?”

గోడ ఎందుకు గుండ్రంగా ఉంది?

ముందు బయటి గోడ దగ్గర ఆగండి. దీనికి 8 ద్వారాలు, 87 బురుజులు ఉన్నాయి. బురుజులు అర్ధచంద్రాకారంలో ముందుకు పొడుచుకుని వచ్చాయి. ఎందుకు?

ఒక బంతిని చదునైన గోడకు ఎదురుగా కొట్టండి. దాని తాకిడి అంతా గోడ మీదనే పడుతుంది. అదే బంతిని ఒక పెద్ద డ్రమ్ముకు పక్కగా తగిలేలా కొట్టండి. అది జారి పక్కకు పోతుంది. శక్తిలో కొంత భాగమే డ్రమ్ముకు అందుతుంది. ఫిరంగి గుండుకూ ఇదే సూత్రం. నలుచదరపు బురుజుకు మూలలు బలహీనం. గుండ్రని బురుజుకు మూలలే లేవు. పైగా బురుజు ముందుకు వచ్చి ఉండడం వల్ల గోడ మొదట్లోకి చేరిన శత్రువును కూడా పక్క నుంచి కాల్చవచ్చు. ఒక బురుజు కాపలా ఇంకొక బురుజు చేతిలో ఉంటుందన్నమాట.

ఫతే దర్వాజా తలుపులకు ఉన్న ఇనుప మేకులను కూడా చూడండి. అవి ఏనుగులకు జవాబు. ఏనుగు తన నుదుటితో తలుపును నెడుతుంది. మేకు మొనలాంటి కొద్ది వైశాల్యం మీద ఆ బలమంతా పడితే పీడనం విపరీతంగా పెరుగుతుంది. ఏనుగుకు ఆ భౌతికశాస్త్రం ఒక్కసారికే అర్థమవుతుంది!

ఎత్తు చేసే మేలు

1656లో కూడా మొగలులు గోల్కొండపైకి వచ్చారు. ఆ దండుకు నాయకుడు అప్పటికి యువరాజుగా ఉన్న ఔరంగజేబే. ఆ పోరాటంలో కోట ఈశాన్యాన ఉన్న ఒక గుట్ట శత్రువు చేతికి చిక్కి ఇబ్బంది పెట్టింది. ఎత్తు మీద ఉన్న ఫిరంగితో ప్రమాదం ఏమిటో ఒక చిన్న లెక్కతో చూద్దాం. ఫిరంగి గుండు సెకనుకు 200 మీటర్ల వేగంతో క్షితిజ సమాంతరంగా బయలుదేరిందనుకోండి. గాలి నిరోధాన్ని వదిలేద్దాం. 10 మీటర్ల ఎత్తు నుంచి అది నేలను తాకడానికి 1.43 సెకన్లు పడుతుంది. ఈలోగా 286 మీటర్లు పోతుంది. 40 మీటర్ల ఎత్తు నుంచి అయితే 2.86 సెకన్లు, దూరం 570 మీటర్లు దాటుతుంది. ఎత్తు నాలుగింతలైతే దూరం రెండింతలు. తుపాకి మందు మాత్రం ఒక్క చిటికెడు కూడా ఎక్కువ అక్కరలేదు.

అందుకే అబ్దుల్లా కుతుబ్‌షా ఆ గుట్టను కలుపుకుని కొత్త గోడ కట్టించాడు. అదే నయా ఖిల్లా. శత్రువు వాడుకున్న ఎత్తును కోటలోనే కలిపేయడం ఎంత సూటి ఆలోచనో చూడండి. అక్కడే తొమ్మిది మడతలతో అలలాగా కట్టిన ఒక బురుజు ఉంది, తప్పక చూడాలి. మూసా బురుజు కూడా 1656 తరువాతిదే. దాని మీది శాసనంలో కట్టిన మేస్త్రి ధర్మాచారి పేరు ఉంది. కోటలు కట్టించిన రాజుల పేర్లు మనకు తెలుస్తాయి గాని, కట్టినవారి పేరు దొరకడం అరుదు.

నేల కింది యుద్ధం

1687 జనవరి చివర ఔరంగజేబు, ఇప్పుడు చక్రవర్తిగా, మళ్లీ వచ్చాడు. గోల్కొండకు చివరి రాజు అబుల్ హసన్. తెలుగువారికి ‘తానీషా’గా, భక్త రామదాసు కథలో పరిచయమైనవాడు.

ముట్టడిదారులు అగడ్తను మట్టి సంచులతో పూడ్చడానికి ప్రయత్నించారు. మే నెలలో ఒక రాత్రి నిచ్చెనలు వేసి చప్పుడు లేకుండా గోడ ఎక్కారు. ఒక ఊరకుక్క మొరిగి కోటవారిని లేపింది! నిచ్చెనలు కింద పడ్డాయి. ఆ కుక్కకు రాజు బంగారు గొలుసు వేయించాడని ఆనాటి చరిత్రల్లో రాశారు.

జూన్‌లో గోడ కిందికి సొరంగాలు తవ్వి మందుపాతరలు పెట్టారు. ఇక్కడ కాస్త రసాయనశాస్త్రం అవసరం. తుపాకి మందు అంటే పెట్లుప్పు, బొగ్గు, గంధకం కలిసిన పొడి. మండడానికి కావలసిన ఆక్సిజన్‌ను పెట్లుప్పే ఇస్తుంది. అందుకే గాలి ఆడని సొరంగంలో కూడా అది మండుతుంది. ఒక్కసారిగా పుట్టిన వేడి వాయువులకు వ్యాకోచించడానికి చోటు లేక, పైనున్న నేలను, గోడను ఎగరగొడతాయి. అయితే పెట్లుప్పు నీటిలో సులువుగా కరుగుతుంది. మందును బాగా తడిపితే పెట్లుప్పు కరిగిపోయి, ఆక్సిజన్ ఇచ్చేది బొగ్గుకు, గంధకానికి దూరమవుతుంది. ఇక పేలుడు లేదు.

కోటవారు సొరంగాల జాడ పసిగట్టారు. తమ వైపు నుంచి ఎదురు సొరంగాలు తవ్వారు. ఒక పాతరలో తమ వైపున్న మందును తీసివేశారు, మరికొన్నింటిలో నీళ్లు పోశారు. ముట్టడిదారులు మొదటి పాతరను పేల్చినప్పుడు ఆ ఊపంతా వారి వైపే తన్నింది. వందలమంది మొగలు సైనికులు చనిపోయారు. వారూ ఎవరో కన్న బిడ్డలే. ఇలాంటి చోట నిలబడినప్పుడు ‘మనవాళ్లు భలే చేశారు’ అని మాత్రమే అనుకోబుద్ధి కాదు.

ఆ పైన వానకాలం వచ్చింది. ఏరులు పొంగి ధాన్యం రావడం ఆగింది. ముట్టడిదారుల శిబిరంలో ఆకలి, వ్యాధులు మొదలయ్యాయి. లోపలివారికంటే బయటివారే ముట్టడిలో ఉన్నట్లయింది.

చప్పట్ల పరీక్ష

ఇప్పుడు లోపలికి, బాలాహిసార్ ద్వారం దగ్గరకు రండి. కమాను కింద నిలబడి చప్పట్లు కొడితే కొండపైన వినిపిస్తుందని మార్గదర్శకులు చేసి చూపిస్తారు. నిజంగానే వినిపిస్తుంది. మంత్రం ఏమీ లేదు. టార్చిలైటులోని పుటాకార దర్పణం బల్బు కాంతిని ఒక దిశకు మళ్లించినట్లు, ఇక్కడ గుమ్మటం లోపలి వంపు శబ్దతరంగాలను చెదిరిపోనివ్వకుండా పరావర్తనం చేస్తుంది. కమాను దాటి రెండడుగులు పక్కకు జరిగి కొట్టి చూడండి; తేడా మీకే తెలుస్తుంది.

దీనితో ఒక ప్రయోగం చేయవచ్చు. ఇద్దరు మిత్రులు గడియారాలను సెకను తేడా లేకుండా సరిచేసుకోండి. కిందివాడు ప్రతి నిమిషం మొదట్లో ఒకసారి చప్పట్లు కొట్టాలి. పైవాడు ఆ క్షణంలో స్టాప్‌వాచ్ మొదలుపెట్టి, శబ్దం వినగానే ఆపాలి. పదిసార్లు చేసి సగటు తీయండి. మన ఎండలో శబ్దవేగం సెకనుకు సుమారు 350 మీటర్లు. కాలాన్ని దానితో గుణిస్తే ద్వారానికి, శిఖరానికి మధ్య సూటి దూరం వస్తుంది. ఒక చిక్కు ఉంది: విన్న తరువాత వేలు కదలడానికి దాదాపు 0.2 సెకను పడుతుంది. అంటే 70 మీటర్ల తప్పు! ఈ ఆలస్యాన్ని ముందే ఇంట్లో, అదే స్టాప్‌వాచ్‌తో, పక్కనే కొట్టిన చప్పట్లకు కొలిచి ఉంచుకుని తీసివేయండి.

ఇక్కడి నుంచి చార్మినారుకు సొరంగం ఉందని కూడా ఎవరో ఒకరు మీకు చెబుతారు. చప్పట్లను మనం పరీక్షించి నమ్మాం. సొరంగాన్ని ఎవరైనా చూపించినప్పుడు నమ్ముదాం.

నీళ్లు, గింజలు

ముట్టడిలో నిలవాలంటే గోడ ఒక్కటే చాలదు. దుర్గం చెరువు నుంచి మట్టి గొట్టాల ద్వారా కోటకు నీరు వచ్చేది. అక్కడి నుంచి కొండపైకి ఎక్కించడానికి మెట్టుమెట్టుగా తొట్లు కట్టి, చక్రాలతో నీరు తోడేవారు. సున్నం పూసిన గోడల్లో ఆ గొట్టాల ముక్కలు ఇప్పటికీ కనిపిస్తాయి. 1000 లీటర్ల నీటిని 60 మీటర్ల ఎత్తుకు చేర్చడానికి 5,88,000 జౌళ్ల పని చేయాలి. ఒక ఎద్దు అర గుర్రపు బలంతో పని చేస్తుందనుకుంటే, ఏ నష్టమూ లేకపోయినా, అరగంటకు కొంచెం తక్కువ పడుతుంది. రాజుగారి తోటలో ఒక మొక్క పూసిందంటే వెనుక ఎన్ని ఎద్దులు తిరిగాయో! మెట్ల దారిలోనే 1642లో కట్టిన అంబర్‌ఖానా, అంటే ధాన్యపు కొట్టు, ఉంది.

గోడ ఓడిందా?

1687 సెప్టెంబరు 21. ఫిరంగులకు, మందుపాతరలకు లొంగని కోట ఆ రాత్రి పడిపోయింది. లోపలి సేనానాయకుల్లో అబ్దుల్లా ఖాన్ పన్నీ అనేవాడు లంచం పుచ్చుకుని చిన్న ద్వారం తెరిచాడు. అబ్దుర్ రజాక్ లారీ అనే సేనాని కొద్దిమందితో అడ్డుపడి, ఒళ్లంతా గాయాలతో స్పృహ తప్పే దాకా పోరాడాడు. ఔరంగజేబు అతనికి వైద్యం చేయించాడు. అబుల్ హసన్‌ను దౌలతాబాదు కోటకు తీసుకుపోయారు. 1699లో అక్కడే చనిపోయాడు.

ఇప్పుడు ఆ గోడకు శత్రువు వేరు. రాళ్ల సందుల్లో పక్షులు వేసిన గింజ నుంచి రావిమొక్క మొలుస్తుంది. వేరు లావయ్యేకొద్దీ సందు వెడల్పవుతుంది. వాననీరు లోపలి మట్టిలోకి ఇంకి, బరువు పెరిగి, గోడను బయటికి నెడుతుంది. ఇటీవలి సంవత్సరాల్లో భారీ వానలకు కొన్ని భాగాలు కూలాయి కూడా. మీరు వెళ్లినప్పుడు ఉబ్బిన గోడ ఎక్కడ ఉంది, దానికి పైన నీరు పోయే దారి ఉందా లేదా గమనించి నోటుబుక్కులో బొమ్మ గీయండి. అలాంటి గోడ కిందికి మాత్రం వెళ్లకండి.

సమయం మిగిలితే ఒక కిలోమీటరు దూరంలోని కుతుబ్‌షాహీ సమాధులకు నడవండి. ముట్టడి నాడు మొగలు సైన్యం విడిది చేసిన చోట్లలో అదొకటి. తానీషా సమాధి అక్కడ లేదు. తోటలో వెనక్కు తిరిగి కోటవైపు చూడండి. బయటివారు ఎనిమిది నెలలు చూసింది ఆ గోడనే.