యంత్రపు పూర్వవాసన

శ్రీకాకుళం జిల్లాలో టెక్కలి, పలాస-కాశీబుగ్గల మీదుగా 16వ నంబరు జాతీయ రహదారి సాగుతుంది. దానికి తూర్పున, సముద్రతీరం వెంబడి జీడి, కొబ్బరి, పనస తోటలతో నిండిన ప్రాంతం ఉద్దానం. దీర్ఘకాలంగా మూత్రపిండాల వ్యాధితో బాధపడుతున్న ఈ పల్లెల నుండి డయాలసిస్ కొరకు పట్టణాలకు పోయేవారు అనేకులు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. రోగిని ఎక్కించుకొన్న అద్దెకారు తోటల నడుమ ఆగిపోతే అది సామాన్యమైన ఇబ్బంది కాదు.

ట్యూనింగ్ అనే మాట మెకానిక్కులకు కొత్తది కాదు. కార్బ్యురేటరు ఉన్న రోజుల్లో స్క్రూ తిప్పుతూ, చెవితో వింటూ, వీణ తీగను శ్రుతి చేసినట్లు ఇంజనును సరిచేసేవారు. 2000 ప్రాంతం నుండి ఆ పని క్రమంగా కంప్యూటరు చేతికి వచ్చింది. ఎంత వేగంలో, ఎంత బరువు మీద ఎంత ఇంధనం చిమ్మాలో తెలిపే అంకెల పట్టిక అందులో ఉంటుంది. నేడు ట్యూను మార్చడమంటే ఈ పట్టికను మార్చడమే.

అయితే కంప్యూటరు పట్టికను గుడ్డిగా అనుసరించదు. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. పొగగొట్టంలోని ఆక్సిజన్ సెన్సరు ఈ పాళ్లు తప్పినట్లు చెప్పగానే కంప్యూటరు ఇంధనాన్ని హెచ్చిస్తుంది లేదా తగ్గిస్తుంది. అదే సవరణ పదే పదే అవసరమైతే దానిని జ్ఞాపకంలో నిలుపుకొంటుంది. 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలుకు తక్కువ గాలి చాలు. ఆ భేదాన్ని కూడా యంత్రం చాలావరకు ఇట్లే నేర్చుకొంటుంది.

చిక్కు ఇక్కడనే ఉన్నది. పాత పట్టిక కింద ఎనిమిది శాతం ఇంధనం అదనంగా ఇవ్వడం అలవాటైన కంప్యూటరులో, ఆ కొరతను ముందే తీర్చిన కొత్త పట్టికను ఎక్కించారనుకొందాం. జ్ఞాపకం చెరిగిపోనిచో ఆ ఎనిమిది శాతం మళ్లీ కలుస్తుంది. పూర్వానుభవం మనస్సులో మిగిల్చిన సంస్కారాన్ని మన శాస్త్రాలు ‘వాసన’ అన్నాయి. ఇక్కడ ఆ పూర్వవాసన పెట్రోలు వాసనగానే బయటపడవచ్చును! ట్యూను ఎక్కించే పనిముట్లలో కొన్ని జ్ఞాపకాన్ని తుడిచివేస్తాయి. అప్పుడు యంత్రం మొదటినుండి నేర్చుకోవాలి. నిలిచి ఉన్నప్పుడు ఇంజను కొంతసేపు తడబడవచ్చును. మొదటిరోజు తీరును చూసి ట్యూను మంచిచెడ్డలు తేల్చడం తొందరపాటు.

ఎన్ని కిలోమీటర్లు తిరిగిందన్న దానికంటె ఎట్లా తిరిగిందన్నది ముఖ్యం. అనేక వాహనాలలో సవరణలు వేగాన్నీ బరువునూ బట్టి వేరువేరు గళ్లలో నిలుస్తాయి. కాశీబుగ్గ బజారులోనే వారం రోజులు తిరిగిన కారు రహదారి వేగానికి తగిన గళ్లను నింపుకోదు. ఇంజను వేడెక్కిన పిమ్మట టెక్కలి వైపు నిలకడగా పోయి, ఉద్దానం ఊరిబాటలలో మెల్లగా తిరిగి వచ్చిన కారు ఎక్కువ నేర్చుకొంటుంది.

కాని నేర్పుకు హద్దులున్నవి. గాలిగొట్టం చిరిగి ఉంటే కంప్యూటరు ఇంధనం పెంచి ఆ దోషాన్ని కొంతకాలం కప్పిపుచ్చుతుంది. హద్దు దాటిన పిదప గాని హెచ్చరిక దీపం వెలగదు. యాక్సిలరేటరును పూర్తిగా తొక్కినప్పుడు అనేక ఇంజన్లు సెన్సరు సవరణను పక్కనపెట్టి పట్టికనే నమ్ముతాయి. అక్కడ పట్టిక తప్పైతే ఎన్నాళ్లు నడిపినా కుదురుకోదు. లోపల టపటపమనే నాకింగును మరొక సెన్సరు పసిగట్టి, నిప్పురవ్వను ఆలస్యం చేసి కొంత కాపాడుతుంది. అంతమాత్రాన దానిపై భారం వేసి బండి తోలడం వివేకం కాదు. టెక్కలి గ్రానైటు మోసే డీజిలు లారీలలో ట్యూను కొరకు ఇంధనం మితిమీరి పెంచితే మసి, వేడి పెరుగుతాయి. 2020 ఏప్రిల్ 1 నుండి అమలైన బి.ఎస్.-6 డీజిలు వాహనాలలోని మసి వడపోత ఆ భారాన్ని మోయలేదు.

వెలుపల తగిలించే చిన్న పెట్టెల సంగతి వేరు. అవి పట్టికను ముట్టుకోవు. సెన్సరు పంపే సమాచారాన్ని మార్చి కంప్యూటరును మభ్యపెడతాయి. పెట్రోలు కార్లలో ఆక్సిజన్ సెన్సరు నిజం చెబుతూనే ఉంటుంది గనుక, సాధారణ వేగాలలో కంప్యూటరు కొద్దిరోజులకు ఆ మార్పును కొట్టివేయవచ్చును. “మొదట్లో లాగింది, ఇప్పుడు లాగడం లేదు” అని యజమాని మెకానిక్కును నిందించడానికి ఇదొక కారణం. ఆ పెట్టెను ఊడదీసిన రోజున కంప్యూటరు మళ్లీ పాత పాళ్లను నేర్చుకోవాలి. అందుచేత జ్ఞాపకాన్ని చెరిపించి, ఒకటి రెండు రోజులు ఒంటరిగా నడిపి చూచిన తరువాతనే రోగులను ఎక్కించుకోవడం మేలు.