టర్కీ కోడి తోకను శుభ్రపరచి ప్రదర్శనకు సిద్ధం చేసే విధానం: నగర కళాశాలల అవసరాల దృష్ట్యా

సారాంశం: మాంసానికి వధించిన టర్కీ కోడి తోకను వ్యర్థంగా పారవేయక, జంతుశాస్త్ర బోధనకు శాశ్వత నమూనాగా మలచవచ్చును. కొవ్వు తొలగింపు, కడుగుట, ఆరబెట్టుట, భద్రపరచుట అను నాలుగు దశలును, పాటించవలసిన చట్టపరమైన పరిమితులును ఈ వ్యాసంలో వివరింపబడినవి.

ముఖ్య పదాలు: టర్కీ కోడి, తోక ఈకలు, ట్యాక్సిడెర్మీ, వెలిగారం, వన్యప్రాణి చట్టం

ఉపోద్ఘాతం

విశ్వవిద్యాలయ గ్రాంట్స్ కమిషన్ 2014లో జంతుశాస్త్ర పాఠ్యక్రమంలో జంతువుల కోతను నిలిపివేయవలసినదిగా సూచించిన తరువాత, ప్రయోగశాలలలో నమూనాల ప్రాధాన్యం పెరిగినది. నారాయణగూడ, చిక్కడపల్లి, అశోక్‌నగర్ వంటి ప్రాంతాలలో కళాశాలలు, అద్దె గదులు, మాంసం దుకాణాలు ఒకదానినొకటి ఆనుకొని ఉన్నవి. ఇచట నమూనా సేకరణ సులభమే గాని, దుర్వాసన, పురుగులు పొరుగువారికి ఇబ్బంది కలిగించగలవు. కావున పని త్వరగాను, శుభ్రంగాను జరుగవలెను.

పక్షి ఎంపిక, చట్టం

పెద్ద తోక అనగానే నెమలి స్ఫురించుట సహజము. అయితే పింఛము నిజమైన తోక కాదు. అది తోకపై కప్పు ఈకల సమూహము. అసలు తోక దాని అడుగున ఉండు 20 గట్టి ఈకలు మాత్రమే. 1963లో జాతీయ పక్షిగా ప్రకటింపబడిన నెమలి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో ఉన్నది. చనిపోయి దొరికిన వన్యప్రాణి సైతం ప్రభుత్వ ఆస్తియే. దానిని స్వాధీనపరచుకొన్నవారు 48 గంటలలో తెలియజేయవలెను. ఈ కారణంగా పెంపుడు టర్కీ కోడియే బోధనకు తగినది. దాని తోకలో సాధారణంగా 18 ఈకలు విసనకర్రవలె విచ్చుకొనును.

కారణం తెలియక చనిపోయిన పక్షిని తీసుకొనరాదు. 2025 ఆరంభంలో గోదావరి జిల్లాల కోళ్ల ఫారాలలో బర్డ్ ఫ్లూ వ్యాపించుట ఈ జాగ్రత్త అవసరాన్ని గుర్తు చేయుచున్నది.

పద్ధతి

1. కోత: పక్షిని వేడినీటిలో ముంచుటకు ముందే తోక చివరి ఎముకతో సహా కోయవలెను. వేడినీరు తగిలిన ఈకలు మొదలు వదులై ఊడిపోవును. ఈక కాడలలో రక్తమున్న లేత ఈకలు కలిగిన పక్షిని వదలివేయవలెను.

2. కొవ్వు తొలగింపు: తోక మొదటనున్న తైలగ్రంథిని పూర్తిగా తీసివేయవలెను. ఈక కాడల నడుమ మాంసాన్ని మొద్దు కత్తితో గీకవలెను. కాడలను చుట్టిన పొర తెగినచో ఈకలు జారును. మిగిలిన కొవ్వు కాలక్రమంలో పసుపు మరకగా ఈకలకు ప్రాకును.

3. కడుగుట: రక్తపు మరకలను ముందుగా చన్నీటితో తుడువవలెను. పిదప గోరువెచ్చని నీటిలో పాత్రలు తోము ద్రవసబ్బు కలిపి, కాడనుండి కొసవైపు మాత్రమే కడుగవలెను. ఆరిన చర్మముపై తెల్లకాగితము ఒత్తినపుడు నూనె మరక పడనంతవరకు కడుగుట పునరావృతం చేయవలెను.

4. ఆరబెట్టుట: తువ్వాలుతో అద్ది, చల్లని గాలి యంత్రంతో ఈకలు మెత్తగా విడివడునట్లు ఆర్పవలెను. ఎండ రంగును వెలిసిపోజేయును.

5. అమరిక: చర్మపు లోపలి భాగమునకు వెలిగారం పొడి పట్టించి, అట్టపై విసనకర్ర ఆకృతిలో గుండుసూదులతో నిలిపి రెండు, మూడు వారాలు ఉంచవలెను. ఉప్పు తేమను ఆకర్షించును గనుక హైదరాబాదు వర్షాకాలమునకు అనుకూలము కాదు.

6. పురుగుల నివారణ: ఆరిన నమూనాను బిగుతైన సంచిలో ఉంచి −20 డిగ్రీల సెల్సియస్ వద్ద రెండు వారాలు భద్రపరచవలెను. పిదప మొదలును చెక్కపలకకు బిగించవలెను.

జాగ్రత్తలు

చేతి తొడుగులు, మాస్కు తప్పనిసరి. వెలిగారం పొడిని పీల్చరాదు. పాత సంగ్రహాలలోని నమూనాలలో ఆర్సెనిక్ ఉండే అవకాశం కలదు. వాటిని వట్టిచేతులతో తాకరాదు. మాంసపు వ్యర్థాలను మూతగల సంచిలో కట్టి అదేరోజు పారవేయవలెను.

ముగింపు

ఈ పద్ధతికి ఖరీదైన పరికరాలు అవసరం లేదు. కొవ్వు పూర్తిగా తొలగించుటయే నమూనా మన్నికకు మూలము. విస్తరణ శాస్త్రవేత్తలు రైతులకు టర్కీ పెంపకముపై శిక్షణ ఇచ్చునపుడు ఈ ఉపయోగాన్ని కూడా తెలియజేసినచో, ఒక వ్యర్థం బోధనోపకరణంగా మారగలదు.